రైలింజను పాయె, మా మాట ఎవరు వాపస్ ఇస్తరు?

జహీరాబాద్ స్టేషన్‌ల రైలు ఆగుతది, పోతది. వికారాబాద్ దిక్కు నుంచి వచ్చింది బీదర్ దిక్కు పోతది, బీదర్ నుంచి వచ్చింది వికారాబాద్ దిక్కు పోతది. మేం బుద్ధెరిగిన కాన్నుంచి ఇంజను నడుమల మనసు మార్చుకోని వచ్చిన తొవ్వనే వెనక్కి మళ్లుడు చూడలే. 2009 ఎన్నికలప్పుడు తెలంగాణ గోడల మీద ఇంకో రైలింజను కనబడ్డది. ప్రజారాజ్యం పార్టీ గుర్తు అది. డ్రైవరు చిరంజీవి. ముందట 'సామాజిక తెలంగాణ' అని బోర్డు. ఆ బోర్డు జూసి ఎక్కినోళ్లను ఏడాది తిరగకముందే సమైక్యాంధ్ర స్టేషన్‌ల దించిండు. 2011 ఫిబ్రవరిల ఇంజనునే తీసుకపోయి కాంగ్రెస్ బండికి తగిలిస్తనని ప్రకటించిండు.

గీ పాత ముచ్చట ఇప్పుడెందుకని అడిగేటోళ్లు ఉంటరు. రాష్ట్రం 2014 జూన్ 2న రానే వచ్చె. ఆయన 2012ల రాజ్యసభకు పోయె, కేంద్రంల పర్యాటక మంత్రి ఆయె, మళ్ల 2017ల 'ఖైదీ నంబర్ 150'తోని సినిమాలకు వచ్చె, 2024ల పద్మవిభూషణ్ తీసుకునె. తీసుకోనియ్యండ్రి. డాన్సు బాగ చేస్తడు, మేం గూడ ఈలలు కొట్టినోళ్లమే. 1998ల పెట్టిన రక్తనిధి ఎందరి పానమో నిలబెట్టింది, దాన్ని కాదనేంత కుళ్లు మాకు లేదు. మా లెక్క వేరే. ఆయన పోతపోత మాదొక మాట పట్టుకపోయిండు. అది ఇప్పటిదాక వాపస్ రాలే.

'సామాజిక తెలంగాణ' తిరుపతి సభల పుట్టిన మాట కాదు. 1997 ఆగస్టుల సూర్యాపేటల తెలంగాణ మహాసభ పెట్టినప్పుడు మారోజు వీరన్న వంటోళ్లు లేవనెత్తిన సవాలు అది. రాష్ట్రం వస్తే ఎవరికి వస్తది? దొరకా, దొర గడి ముందట చెప్పులు చేతుల పట్టుకోని నడిచినోనికా? ఆ సవాలు అడిగిన వీరన్న 1999ల ఎన్‌కౌంటర్‌ల పానం పోగొట్టుకున్నడు. దళితులు, బీసీలు, ఆదివాసులు, ముస్లింలు పదేండ్లు చిన్నచిన్న మీటింగులల్ల, కరపత్రాలల్ల, సొంత పైసలతోని బతికిచ్చుకున్న మాట అది. 2008 ఆగస్టు 26న తిరుపతిల పార్టీ పెట్టినాయన ఎన్నికలొచ్చేసరికి దాన్ని తీసుకపోయి పోస్టర్ మీద పెద్ద అక్షరాలతోని అచ్చేసుకున్నడు. మాట మంచిదే గదా, పెద్దోడు అంటే ఇంకింత దూరం పోతదని మావోళ్లల్ల కొందరు మురిసిన్రు. నిజం చెప్పాల్నంటే మేం గూడ కొంచెం మురిసినం.

ఫలితాలు యాదికున్నయా? 294 సీట్లల్ల 18. అండ్ల తెలంగాణల రెండే రెండు: నిర్మల్, బాల్కొండ. తక్కిన 16 ఆంధ్ర, రాయలసీమల. పార్టీ అధ్యక్షుణ్ణి సొంత జిల్లాల పాలకొల్లు ఓడగొట్టింది, తిరుపతి గెలిపిచ్చింది. ఇగ 2009 నవంబర్ ఆఖర్ల ఉస్మానియా పిల్లలు లాఠీలు తిన్నరు. డిసెంబర్ 9 రాత్రి చిదంబరం ప్రకటన చేసిండు. ఆ నెల ఒడవకముందే ఈయన సమైక్యాంధ్ర అన్నడు. సామాజిక న్యాయం ఏడ పాయె? కోస్తాల దళితునికి, తెలంగాణల దళితునికి మధ్య న్యాయం మారిందా? ఏం మారలే. 16 అటు, రెండు ఇటు. కూడిక, తీసివేత వచ్చిన పిలగాడు గూడ చెప్తడు ఏమయిందో. నిర్మల్, బాల్కొండల సామాజిక తెలంగాణ అని నమ్మి రైలింజను మీద ముద్ర గుద్దినోళ్లు మాత్రం ఆ కూడికల పడలే.

సినిమావాళ్లు రాజకీయాలకు రావద్దని మేం అంటలేం. 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరిల గద్దెనెక్కిన ఎన్టీఆర్ పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసిండు. ఊర్లల్ల దస్త్రం కట్టలు చంకల పెట్టుకోని జనాన్ని గోస పెట్టినోళ్ల పీడ పాయె. అది తెలంగాణ మర్వదు. అదే ఎన్టీఆర్ కాలంల 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. మా కొలువులల్ల కూసున్న స్థానికేతరులను వెనక్కి పంపుమన్న జీవో అది. కాయితం మీదనే ముసలిదై పోయింది. 1989ల కల్వకుర్తిల నిలబడ్డ అంతటి ఎన్టీఆర్‌ను జనం ఓడగొట్టిన్రు, చిత్తరంజన్‌దాస్‌ను గెలిపిచ్చిన్రు. తెలంగాణోళ్లు సినిమా బొమ్మకు మొక్కి ఓటేస్తరని అనుకునేటోళ్లు కల్వకుర్తి దిక్కు ఒక్కపారి చూసి రావాలె.

మా పక్కనున్న అందోల్‌ది ఇంకో కథ. బాబూమోహన్ 1998 ఉప ఎన్నికల్ల గెలిచిండు, 1999ల గెలిచి మంత్రయిండు, 2004ల, 2009ల ఓడిండు, 2014ల మళ్ల గెలిచిండు. నవ్విచ్చినందుకు ఓటేసిన్రని ఎవరన్న అంటే మేం ఒప్పుకోం. నచ్చితే ఏసిన్రు, నచ్చకుంటే దించిన్రు. ఏ లీడర్‌కైన అంతే.

మన దిక్కు తప్పు గూడ చెప్పుకోవాలె, లేకుంటే ఇది రాసుడు దండుగ. సినిమా మోహం ఉద్యమ పార్టీకి గూడ ఉండె. విజయశాంతి సొంతంగ తల్లి తెలంగాణ పార్టీ పెట్టి, 2009ల టీఆర్ఎస్‌ల కలిపి, మెదక్ ఎంపీగ గెలిచింది. తెలంగాణ మాట మీద ఆమె వెనుకకు పోలే, ఆ ఇజ్జత్ ఆమెకు ఇయ్యాల్సిందే. గని ఆ తర్వాత కాంగ్రెస్, బీజేపీ, మళ్ల కాంగ్రెస్. జెండాలు మోసి మోసి భుజాలు కాయలు కట్టిన కార్యకర్తలు మెదక్ జిల్లాల లేకనా, తెరమీది మనిషిని తెచ్చుకున్నం?

ఇగ సినిమా సంగతి. వాళ్ల వ్యాపారంల మా పేరు 'నైజాం'. నిజాం గద్దె దిగి 70 ఏండ్లు దాటె, రాష్ట్రం గూడ వచ్చె, సినిమా లెక్కలల్ల మాత్రం మేం ఇంకా నైజాం ఏరియానే. ఒక్క ఏరియా కింద ఎక్కువ పైసలు రాలేది మా దగ్గరనే. ఆ పైసలకు బదులు ఏండ్లకేండ్లు మాకు ఇచ్చింది ఏంది? హీరో నోట్లె కృష్ణా, గోదావరి జిల్లాల యాస. రౌడీ నోట్లె, తాగుబోతు నోట్లె, ఇంట్ల పనిమనిషి నోట్లె మా యాస. తెర మీద మా నోటిని ఎక్కిరిచ్చిన పరిశ్రమల నుంచి వచ్చినాయన, మా తరఫున మాట్లాడుతనంటే ఎట్ల నమ్మినమో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తది.

నవ్వు వద్దంటే జహీరాబాద్ దాక రాండ్రి. మాకు గూడ సినిమాలు తీసేటోళ్లున్నరు. పస్తాపూర్ డీడీఎస్ సంఘాల దళిత మహిళలు, బడి మొఖం చూడనోళ్లు, కెమెరాలు పట్టిన్రు. కొర్ర, సామ, పచ్చజొన్నల మీద తీసిన్రు. వరంగల్ దాక పోయి బీటీ పత్తి పెట్టి మునిగిన రైతుల గోస తీసిన్రు. వాళ్ల సినిమాల హీరో లేడు, కటౌటుకు పాలు పోసుడు లేదు. తిరుపతి సభ అయిన సరిగ్గ 50 రోజులకు, 2008 అక్టోబర్ 15న, మాచ్‌నూర్‌ల వాళ్ల సంఘం రేడియో మొదలయింది. లైసెన్సు కోసం వాళ్లు ఏండ్లకేండ్లు ఎదురుచూసిన్రు. అండ్ల మాట్లాడింది మా యాసనే, ఎక్కిరింపు లేకుంట. ఆ రెండు నెలలల్ల టీవీలు, పేపర్లు ఎవలెంట తిరిగినయో చెప్పాల్నా? సామాజిక తెలంగాణ అంటే ఎట్లుంటదో సూపియ్యాల్నంటే మాచ్‌నూర్ తొవ్వ సూపిస్తే సరిపోవు.

మాకు జరిగిన నష్టం గిది. 2010 తర్వాత ఏ మీటింగ్‌ల లేచి 'సామాజిక తెలంగాణ' అన్నా, ముందు వరుసల కూసున్న పెద్దమనిషి నవ్వి, 'అది చిరంజీవి డైలాగు గదనయా' అనుడు మొదలుపెట్టిండు. మేం చెవులార విన్నం. ముందుగాల భౌగోళిక తెలంగాణ రానియ్యి, తక్కినయి తర్వాత చూసుకుందమన్నరు. సరే అని ఆగినం. రాష్ట్రం వచ్చింది. తొలి ముఖ్యమంత్రి దళితుడేనన్న వాగ్దానం ఏమయిందో అందరికి ఎరుకే. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలల్ల నిమ్జ్ పేరు మీద 12 వేల ఎకరాల పైన భూమి తీసుకునుడు మొదలయినప్పుడు, ఉన్న ఎకరం అరెకరం పోతదని ఏడ్చిన చిన్న రైతు తరఫున నిలబడాల్సిన మాట గదే. అప్పటికి ఆ మాట పాత సినిమా పోస్టర్ లెక్క గోడ మీద చినిగి యాలాడుతున్నది.

2023 నవంబర్‌ల తమ్ముడు పవన్ కల్యాణ్ పార్టీ బీజేపీతోని కలిసి తెలంగాణల 8 సీట్లల్ల నిలబడ్డది. ఒక్కటి గెలవలే. ఈసారి సామాజిక తెలంగాణ అన్న బోర్డు గూడ లేకుండె. ఆ మాటను అన్న వాడి పడేసిండు, తమ్మునికి దానితోని పని పడలే. నిర్మల్‌ల, బాల్కొండల అప్పుడు ఓటేసినోళ్లు ఇప్పటికి అడుగుతనే ఉన్నరు: బండి మళ్లిచ్చేటప్పుడు మమ్ముల ఒక్క మాట అడగాల్నని ఎందుకు అనిపియ్యలేదు, సారూ?