ఉపవాసం వేరు, పస్తు వేరు

కార్తిక సోమవారం తెల్లవారకముందే వంశధారలో మునిగి, శ్రీముఖలింగేశ్వరుని దర్శించి, ఆకాశంలో చుక్క పొడిచేదాకా ఏమీ ముట్టని తల్లులు సిక్కోలు సీమలో నేటికీ ఎందరో ఉన్నారు. అదే ఇంట్లో మనవరాలు రాత్రి ఎనిమిదికి భోజనం ముగించి, మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాకా ఏమీ తినదు. ఆమె దృష్టి మారేడు దళంపై లేదు, బరువు తూచే యంత్రంపై ఉంది. ఏమిటమ్మా ఇది అంటే ‘ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్’ అంటుంది. నాయనమ్మ నవ్వి, ‘మేం సేసే నక్తానికే కొత్త పేరెట్టినారా?’ అంటుంది. ఇద్దరూ కడుపు మాడ్చుకుంటున్నారు. వీరిలో ఉపవాసం ఎవరిది?

‘ఉప’ అంటే సమీపం, ‘వాసం’ అంటే నివసించడం. భగవంతుని సన్నిధిలో మనస్సును నిలపడమే ఉపవాసం. ఆహార నియమం దానికి సాధనం మాత్రమే. సాధనాన్నే సాధ్యమనుకున్ననాడు మిగిలేది పస్తు. అందుకే మన పెద్దలు కార్తిక సోమవార వ్రతానికి ఒకే మార్గం విధించలేదు. ఉపవాసం, ఏకభుక్తం, నక్తం, అయాచితం, స్నానం, తిలదానం అని ఆరు విధాలు చెప్పి, శక్తిని బట్టి ఎంచుకొమ్మన్నారు. ఈ ‘శక్తిని బట్టి’ అన్న మాటలోనే ధర్మసూక్ష్మం ఉంది.

బరువు తగ్గించుకోవడం తప్పా అంటే, కానే కాదు. ధర్మాచరణకు శరీరమే కదా మొదటి ఉపకరణం! దానిని తేలికగా, ఆరోగ్యంగా ఉంచుకోవడం గృహస్థుని విధి. పన్నెండు గంటలకు పైగా ఆహారం లేకపోతే కాలేయంలో నిల్వ ఉన్న చక్కెర క్రమంగా తరిగి, శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకుంటుంది. కొలతలు, లెక్కలు అక్కరలేని సులభమైన నియమమిది. రాత్రి పొద్దుపోయాక టీవీ ముందు కూర్చుని తినే జంతికలకు, పకోడీలకు అదే కళ్లెం వేస్తుంది. ఇది నిజంగా మేలు చేసే గుణం.

అయితే ఇందులో మహిమ ఏమీ లేదు. 2020లో అమెరికాలో 116 మందిపై 12 వారాలు జరిపిన పరిశీలనలో, మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది వరకే తిన్నవారికీ, మూడు పూటలా తిన్నవారికీ తగ్గిన బరువులో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. పైగా వేళ పాటించిన వారిలో కొందరికి కండ కరగడం గమనించారు. 2022లో చైనాలో 139 మంది స్థూలకాయులపై ఏడాదిపాటు మరో పరిశీలన జరిగింది. అందరికీ ఆహారం మోతాదు తగ్గించారు, కొందరికి మాత్రం తినే వేళను కూడా ఎనిమిది గంటలకు కుదించారు. వేళ పాటించిన వారు సగటున 8 కిలోలు, తక్కినవారు 6.3 కిలోలు తగ్గారు. ఈ తేడా లెక్కలోకి తీసుకోదగినంతది కాదని పరిశోధకులు తేల్చారు. తగ్గించేది గడియారం కాదు, కంచంలోని పరిమాణమే అని దీని సారం. మితంగా తినేవారికే గాని, అతిగా తినేవారికీ, బొత్తిగా తినని వారికీ యోగం సిద్ధించదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయంలో చెప్పినదీ ఇదే కదా!

మరొక మాట. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి నోబెల్ బహుమతి వచ్చింది మొదలు, ‘ఏకాదశికి నోబెల్ ముద్ర పడింది’ అని కొందరు ఉపన్యాసాలలో చెబుతున్నారు. ఆయన పరిశోధించినది ఈస్టు కణాలు తమలోని వ్యర్థాలను తామే శుభ్రం చేసుకునే తీరును. అది మహత్తరమైన కృషి, సందేహం లేదు. కానీ ఆయన ఏకాదశి వ్రతాన్ని పరీక్షించలేదు. మన వ్రతానికి లేని సాక్ష్యం తెచ్చి నిలబెట్టవలసిన అగత్యమూ లేదు.

ఇక మన ఇళ్లలోని లోపాన్నీ ఒప్పుకుందాం. పగలంతా పస్తుండి, చుక్క చూశాక దిబ్బరొట్టె, పూరీలు, పులిహోర, పరమాన్నం ఒక్కసారిగా ఆరగిస్తే అటు వ్రతమూ నిండదు, ఇటు బరువూ తగ్గదు.

అంతకంటె పెద్ద ఆపద మరొకటి ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలతో కూడిన ఉద్దానం సీమలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మీకు తెలుసు. దీనికోసమే 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. జ్యేష్ఠమాసంలో, రోహిణి కార్తె వేడి చల్లారని రోజుల్లో, కొబ్బరితోటల్లోనో జీడితోటల్లోనో పనిచేస్తూ నిర్జల ఏకాదశి పాటిస్తే ఆ భారమంతా పడేది మూత్రపిండాలపైనే. పోనీ, ఉపవాసమని అరటిపళ్లు, కొబ్బరినీళ్లు తీసుకుందామా? మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి వాటిలోని పొటాషియం గుండెకు ప్రమాదం తెస్తుంది. ఆరోగ్యవంతునికి పవిత్ర ఫలాహారమైనదే రోగికి అపథ్యం కావచ్చు. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని అడగకుండా పస్తుంటే రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రక్తహీనత ఉన్న ఆడపిల్లలు బరువు పేరిట గాని, వ్రతం పేరిట గాని కడుపు మాడ్చుకోరాదు.

‘వ్రతభంగమైతే పాపం కాదా?’ అని మీరు అడగవచ్చు. భాగవతం నవమ స్కంధంలోని అంబరీషుని స్మరించండి. ద్వాదశి ఘడియలు దాటిపోతున్నాయి, స్నానానికి వెళ్లిన దుర్వాసుడు రాలేదు. అతిథి రాకముందు భుజించరాదు, పారణ మానరాదు. అప్పుడా రాజర్షి పెద్దలనడిగి కాసిన్ని నీళ్లు మాత్రం పుచ్చుకున్నాడు. మహర్షి కోపించినా విష్ణుచక్రం కాపాడినది నీళ్లు తాగిన భక్తునే! వ్రతాన్ని చెరపనివని పెద్దలు లెక్కించిన ఎనిమిదింటిలో నీరూ, పాలూ, పండ్లూ ఉన్నాయి. గురువుగారి మాట ఉంది, ఔషధమూ ఉంది. ఔషధాన్ని శాస్త్రమే అనుమతించినప్పుడు, ఆ ఔషధంతోపాటు తీసుకోవలసిన పథ్యాన్ని కాదనడానికి మనమెవరం?

కనుక బరువు కోసం పస్తుండే పిల్లలకు ఒక మనవి. అది మీ ఆరోగ్య నియమం. చేయండి, కానీ మితం తెలుసుకుని చేయండి. వీలైతే ఆ ఖాళీ వేళలో ఒక్క పావుగంట భగవన్నామానికి ఇవ్వండి, మీ పస్తు ఉపవాసమవుతుంది. ఇంటి పెద్దలకు మరొక మనవి. ఇంటిల్లిపాది క్షేమం కోసం ఉపవసించే ఆ తల్లి క్షేమం ఎవరు చూడాలి? ఈసారి ఏకాదశికి రెండు రోజుల ముందే ఆమెను వైద్యుని వద్దకు తీసుకువెళ్లి, ఎంత నీరు తాగవచ్చో, ఏది తినవచ్చో అడగండి. ఆ ఉదయం ఆమె సందేహిస్తూ మాత్రను పక్కన పెడితే, వైద్యుడు చెప్పిన ఆహారాన్ని మీ చేతులతో ముందుంచి, ఆ తరువాత మాత్ర అందించండి. ఆమె వ్రతం చెడదు. మీ వ్రతం అక్కడే ఆరంభమవుతుంది.