ఊపిరితో కదిలే కణితి

కేన్సర్ రోగులకు చేసే రేడియేషన్ వైద్యాన్ని పల్లెల్లో "కరెంటు పెట్టడం" అంటారు. ఒంటికి తగిలేది కరెంటు కాదు, ఎక్స్‌రే జాతి కిరణాలే. కాకపోతే అవి ఎంతో శక్తి గలవి. పరకాల, నడికూడ, శాయంపేట ప్రాంతాల రోగులు ఈ వైద్యానికి హైదరాబాదు దాకా వెళ్లి, 1955లో నెలకొన్న ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల వారాల తరబడి పడిగాపులు పడటం కొత్త సంగతి కాదు. అంత దూరం పోయి పెట్టించుకున్న కిరణం సరిగ్గా కణితికే తగులుతున్నదా అన్నది అసలు ప్రశ్న.

మెడలోనో, తలలోనో కణితి ఉంటే చిక్కు తక్కువ. మనిషిని కదలకుండా పడుకోబెట్టవచ్చు. ఊపిరితిత్తుల్లోనో, కాలేయంలోనో ఉంటే కుదరదు. మనిషి నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తాడు. తీసినప్పుడల్లా ఉదర వితానం కిందికి దిగుతుంది, దానితోపాటు కణితీ దిగుతుంది. ఊపిరితిత్తుల అడుగు భాగంలోని కణితి ఒక్కొక్కరిలో రెండు సెంటీమీటర్ల వరకూ కదులుతుంది. గాలికి ఊగే కొమ్మ మీది మామిడికాయకు రాయి విసిరే పిల్లలకు ఈ కష్టం తెలుసు. గురి ఇరుకుగా పెడితే కణితి తప్పించుకుంటుంది. వెడల్పుగా పెడితే మంచి ఊపిరితిత్తి కూడా దెబ్బ తింటుంది.

దీనికి వైద్యశాస్త్రం కొన్ని ఉపాయాలు కనిపెట్టింది. రోగి పొట్ట మీద చిన్న పెట్టె ఉంచి, అది లేచి పడే తీరును కెమెరాతో గమనిస్తూ స్కానింగ్ తీస్తారు. ఒక ఊపిరిని సాధారణంగా పది భాగాలు చేసి, ఏ భాగంలో కణితి ఎక్కడున్నదో చూసి, అది తిరిగే మేరనంతా గుర్తిస్తారు. మరో పద్ధతిలో ఊపిరి ఒక స్థాయికి వచ్చినప్పుడే యంత్రం కిరణం వదులుతుంది, దాటగానే ఆపుతుంది. పొట్టను పలకతో మెత్తగా అదిమి కదలిక తగ్గించడం ఇంకొకటి. ఎడమ రొమ్ము కేన్సర్ వచ్చిన స్త్రీలకైతే లోతుగా దమ్ము తీసి ఇరవై సెకన్ల వరకూ బిగబట్టమంటారు. అప్పుడు గుండె రొమ్ముకు దూరం జరిగి, ముందుముందు గుండెజబ్బు వచ్చే ప్రమాదం తగ్గుతుంది.

ఇందులో సగం పని యంత్రానిది, సగం రోగిది. ఏళ్ల తరబడి బీడీ తాగి దగ్గే ముసలాయనకు దమ్ము బిగబట్టడం సాధ్యం కాకపోవచ్చు. అటువంటి వారికి వేరే పద్ధతి ఎంచుకోవాలి. కానీ చేయగలిగిన వారికి కూడా ఎందుకు చేయాలో తెలుగులో విడమరచి చెప్పి, ముందు రెండు మూడు రోజులు సాధన చేయించకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా ఏం లాభం? మైకులో వినబడే "హోల్డ్", "రిలీజ్" అనే మాటలు పత్తిచేల కూలి తల్లికి ఏం తెలుస్తాయి? "దమ్ము ఆపమ్మా", "వదులమ్మా" అనడానికి ఖర్చేమీ కాదు.

ఖర్చయ్యే పని ఇంకొకటి ఉంది. వరంగల్‌లో పాత జైలు స్థలంలో పెద్దాసుపత్రికి 2021లో శంకుస్థాపన జరిగింది. రేడియేషన్ యంత్రపు గదికి మీటరుకు మించిన మందంతో కాంక్రీటు గోడలు కావాలి. భవనం పూర్తయ్యాక చేర్చుకోవడం సులువు కాదు. ఊపిరి కదలికను లెక్కగట్టే స్కానింగ్, దాన్ని నడిపే భౌతికశాస్త్ర నిపుణులు, టెక్నీషియన్ల పోస్టులు కూడా యంత్రంతోపాటే మంజూరు కావాలి. యంత్రం వచ్చి మనుషులు రాక తాళం పడిన గదులు సర్కారు దవాఖానాల్లో జనం చూడనివి కావు. ఈ సంగతి జిల్లా ప్రజాప్రతినిధులు శాసనసభలో అడగవలసి ఉంది.

అంతవరకు, కరెంటుకు వెళ్లే రోగులు కణితి ఊపిరితో కదిలేదా కాదా, కదిలితే ఏం చేస్తున్నారని డాక్టరును అడగాలి. అడగడం తప్పు కాదు. ఒంటి మీద గీసిన గుర్తులను మాత్రం వైద్యం ముగిసేవరకు రుద్ది కడగరాదు. రోజూ గురి చూసేది వాటి సాయంతోనే.