ఫస్టియర్ పరీక్షలు ఉండాలా? మా అక్క అడిగిన ప్రశ్న

2025 సంక్రాంతికి పెదపాడు వెళ్ళినప్పుడు మా ఇంట్లో కోడిపందేల కంటే ఇంటర్ గురించే ఎక్కువ మాటలు నడిచాయి. అంతకు వారం ముందే ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు ఒక ప్రతిపాదన పెట్టింది.. ఫస్టియర్ పబ్లిక్ పరీక్షలు తీసేసి వాటిని కాలేజీలకే వదిలేస్తాం, జనవరి 26 లోపు మీ అభిప్రాయాలు చెప్పండి అని. మేనల్లుడు అప్పుడు టెన్త్. "తీసేస్తే మంచిదే కదరా, పిల్లాడు ఒక ఏడాదన్నా కంటినిండా నిద్రపోతాడు" అంది అక్క. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

కొద్దిరోజులకే బోర్డు ఆ ఆలోచన మానుకుంది. కానీ ఇలాంటి ప్రతిపాదనలు ఒకసారితో పోవు, మళ్ళీ వస్తాయి. అందుకే అక్కకి అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు చెప్తున్నాను.

అక్క మాటలో న్యాయం ఉంది. సీబీఎస్ఈలో పదకొండో తరగతికి బోర్డు పరీక్ష లేదు, వాళ్ళేమీ చెడిపోలేదు. మనకి 1978-79 నుంచీ రెండేళ్ళూ పబ్లిక్ పరీక్షలే. టెన్త్‌తో కలిపితే వరసగా మూడేళ్ళు పిల్లలు హాల్ టికెట్ల మీదే బతకాలి.

అయితే తీసేసి ఎవరి చేతిలో పెడుతున్నారన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు కోసం కమిటీలు అక్కర్లేదు, మన ప్రాక్టికల్స్ గుర్తు తెచ్చుకుంటే చాలు. నేను చదివిన కాలేజీ పేరెందుకు గానీ, రెండేళ్ళలో ల్యాబ్ తలుపు తీసింది పరీక్షకి ముందు పదిహేను రోజులు. రికార్డులు సీనియర్లవి చూసి రాశాం. ఏ సాల్ట్ వస్తుందో ముందురోజు సాయంత్రమే తెలిసిపోయింది. బయటినుంచొచ్చిన ఎగ్జామినర్ గారికి కొల్లేరు చేపల పులుసుతో భోజనం. మా బ్యాచ్‌లో దాదాపు అందరికీ ముప్పైకి ముప్పై! పిపెట్ పట్టుకోవడం రాని నాకూ ముప్పయ్యే. పగలంతా ల్యాబ్‌లో కూర్చుని నిజంగా టైట్రేషన్ నేర్చుకున్నవాడు ఒకడున్నాడు మా క్లాసులో. వాడికీ అంతే. వాడికి జరిగిన అన్యాయం నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు.

కోడ్ రాసినవాడే టెస్టింగ్ కూడా చేసి "అంతా బాగుంది" అని సంతకం పెడితే మనం ఒప్పుకుంటామా? ఫస్టియర్ మార్కులు కాలేజీకి వదిలేయడం అంటే అదే. అడ్మిషన్లే వ్యాపారమైన చోట ఏ కాలేజీ తన పిల్లాడికి తక్కువ వేస్తుంది? నష్టపోయేది ఊళ్ళో గవర్నమెంటు జూనియర్ కాలేజీలో నిజాయితీగా మార్కులు వేయించుకున్న పిల్ల.

ఇంకోటి. 2021లో కొవిడ్ వల్ల సెకండియర్ పరీక్షలు జరగలేదు. సుప్రీంకోర్టు గట్టిగా నిలదీశాక జూన్ 24న రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేసింది. అప్పుడు మార్కులు ఎలా వేశారు? టెన్త్‌కి 30 శాతం, ఫస్టియర్‌కి 70 శాతం. 2020లో రాసిన ఫస్టియర్ పరీక్షే లక్షలమందికి బ్యాకప్ అయింది. ఆ మార్కులు ఎవరి కాలేజీలో వాళ్ళు వేసుకున్నవైతే ఏమయ్యేదో ఊహించుకోండి.

బోర్డు చేతిలో ఉంటే అంతా సవ్యమేనా అంటే అదీ కాదు. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఫలితాల్లో జరిగిన ఘోరం మన వృత్తిలో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోకూడదు. 99 మార్కులొచ్చిన అమ్మాయికి మెమోలో సున్నా పడింది. ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత తప్పినవాళ్ళందరి పేపర్లూ ఉచితంగా మళ్ళీ చూస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. సరిగ్గా టెస్ట్ చేయని సాఫ్ట్‌వేర్ కూడా అందులో భాగమే. మనకి అది బగ్, వాళ్ళకి అది బతుకు.

2025-26 నుంచి వచ్చిన మార్పులు నాకు నచ్చాయి. ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్, ఒక మార్కు ప్రశ్నలు, 75 చొప్పున రెండు లెక్కల పేపర్ల బదులు 100కి ఒకటే పేపరు. ఫిజిక్స్, కెమిస్ట్రీ పేపర్లు 60 నుంచి 85కి పెరిగాయి. ప్రాక్టికల్స్ వాటా రెండేళ్ళ మొత్తంలో 150కి 30 ఉండేది, 200కి 30 అవుతుంది. అంటే ఇరవై శాతం నుంచి పదిహేనుకి. తెలిసి చేశారో లేదో గానీ మంచిదే.

కాబట్టి అక్కా, పరీక్ష ఉండనీ. బయటివాళ్ళే దిద్దనీ. పిల్లాడి నిద్ర పోగొడుతున్నది మార్చిలో వచ్చే ఆ పరీక్ష కాదు, తెల్లారకముందే లేపి రాత్రి పదిదాకా కూర్చోబెట్టే హాస్టల్ స్టడీ అవర్లు. తీసేయాల్సింది వాటిని. బావతో మాట్లాడి వాణ్ణి ఏలూరులోనే, ఇంటినుంచి వెళ్ళొచ్చే కాలేజీలో చేర్పించమని అప్పుడే చెప్పాల్సింది. నేను కూడా "విజయవాడ అయితే ర్యాంక్ వస్తుందేమో" అని నోరు మూసుకున్నాను. ఆ తప్పులో నా వాటా ఎంత శాతమో ఏ బోర్డూ చెప్పక్కర్లేదు.