చెట్టు తెలియని కాపలా

తలకోనకు పోయి జలపాతం కింద తానమాడి, కట్టుకొచ్చిన చిత్రాన్నం తిని రావడం ఈ ప్రాంతపు పల్లెలకు కొత్తేమీ కాదు. శివరాత్రికి సిద్ధేశ్వరస్వామి గుడికి బండ్లు కట్టుకొని పోయిన తరాలున్నాయి. అయితే వారిలో ఎందరు తమకు నీడనిచ్చిన చెట్టు పేరు అడిగి వుంటారు?

ఎర్రచందనం సంగతే చూడండి. దుంగలు పట్టుబడిన వార్తలు చదివే రైతు కూడా నిలబడివున్న మానును చూపి ఇదేనని చెప్పలేడు. చెట్టు కూడా ఎర్రగా వుంటుందనే భ్రమ చాలామందిది. బెరడు నల్లగా, మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలి వుంటుంది. ఎరుపంతా లోపలి చేవలోనే. ఆ చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. ఒక్కో కాడకు మామూలుగా మూడాకులు. దీని దాయాది వేగిసకు ఐదు మొదలు ఏడు. రెండింటి కాయలూ బిళ్ళల్లా గుండ్రంగా, చుట్టూ రెక్కతో వుంటాయి. బడిపిల్లలకు ఈ తేడా ఒక్క పూటలో వచ్చేస్తుంది.

తలకోనలో చెట్లను అల్లుకున్న గిల్లతీగ, మూరలకొద్దీ పొడవుండే దాని కాయలు, వేసవి చివర పండే మొగిపండ్లు సరే. ఈతచెట్టును పోలిన పేరీత సంగతి వేరు. శేషాచలం ప్రాంతంలో తప్ప సహజంగా పెరగని ఈ మొక్క మగకంకులను మందులకని కోసుకుపోతే ఇక గింజ కట్టేదెలా?

ఈ అడవిలో కొంత 1989లో శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు అయింది. 2010లో శేషాచలాన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. పల్లెవాసికి మాత్రం పార్కంటే ‘లోపలికి రావద్దు’ అనే మాటే. అటవీశాఖ అనుమతించిన దారుల్లోనైనా చెట్లకు తెలుగు పేర్లు, అందులోనూ పల్లె పేర్లు, రాయించాలి. మూలికలెరిగిన యానాదులను, మేకల కాపరులను కూలి ఇచ్చి దారి చూపడానికి పెట్టుకోవాలి.

చెట్టును గుర్తుపట్టడం నేర్పితే దొంగలకు మేలు చేసినట్టే కదా అని కొందరంటారు. దొంగకు ఆ చెట్టు ఎప్పుడో తెలుసు. తెలియనిది కాపాడవలసిన పల్లెకే.

కొండకింది బడుల పంతుళ్ళు పిల్లలను తీసుకుపోదలిస్తే సంక్రాంతిలోగా పోవడం మేలు. ఆ తరువాత ఎర్రచందనం ఆకు రాలుస్తుంది. మోడుగా నిలిచిన మానుకు మూడాకుల లెక్క చూపించడం కుదరదు.