సీపీయూ పెట్టె కొనేముందు ఎత్తి చూడండి

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా సౌకార్‌పేట సందులో నీళ్ళు గడప దాటినాయి. కింద గదిలో మనవరాలి కంప్యూటర్ ఉండాది. మింట్ వీధి దుకాణాలకు ట్యాలీలో లెక్కలు రాసి ఇస్తాది ఆ పిల్ల. నెల బియ్యం ఆ పెట్టెలోంచే వస్తాయి మాకు. ఎవరో ఆటలకు వాడి అమ్మేసిన సెకండ్ హ్యాండ్ పెట్టె అది. మందం రేకు, ఒక పక్కంతా గాజు. నేనూ కోడలూ పట్టుకుంటే మూడో మెట్టు మీదే నా నడుము పట్టేసింది. పక్కింటి కుర్రాడొచ్చి పైకి చేర్చినాడు. కంప్యూటర్ బతికింది, నేను పది రోజులు చాప మీద.

మొన్న బోర్డు మార్చాల్సి వస్తే, పెట్టె కూడా మార్చేద్దామని ఇద్దరం రిచీ స్ట్రీట్‌కు పోయినాము. మనం సీపీయూ అనే పెట్టెను అంగట్లో క్యాబినెట్ అంటారు. సీపీయూ అంటే లోపలుండే చిప్పు మాత్రమే.

ముందు బోర్డు కొలత తెలుసుకోండి. ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. మైక్రో ఏటీఎక్స్ 244కి 244. లెక్కలకూ చదువుకూ ఈ చిన్నది చాలు. చిన్న బోర్డును పెద్ద పెట్టెలో బిగించొచ్చు, పెద్దది చిన్నదాంట్లో పట్టదు.

అట్లని మరీ ఇరుకు పెట్టె కొనొద్దు. మిల్లులో పనిచేసినోళ్ళకు చెప్పాల్నా? మోటారు చుట్టూ దూది నుసి పేరుకుంటే అది కాలిపోయేది. ఇదీ అంతే. పెట్టె ముందుభాగం జల్లెడ మాదిరి ఉండాల, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పట్టాల, దుమ్ము ఆపే జాలీ ఊడదీసి కడుక్కునేట్టుండాల. కడిగినాక బాగా ఆరబెట్టే బిగించండి. బోర్డు వెనక వైర్లు తోసేదానికి సందు ఉండాదా, చెయ్యి లోపలికి పోతాదా చూడండి. రేకు అంచు మడిచి ఉండాల, లేకుంటే వేళ్ళు తెగుతాయి.

ఇంక బరువు. అల్యూమినియం అదే కొలత ఇనుములో మూడోవంతు తూగుతాది గానీ, ఆ పెట్టెల ధర మనకందదు. మన చేతిలో ఉండేది గాజు వద్దనడమే. అంగడి కుర్రాడు, "అందరూ గాజే అడుగుతారు పెద్దాయనా, లోపల లైట్లు కనిపిస్తాయి" అన్నాడు. "మా ఇంట్లో లైట్లు చూసేవాళ్ళు లేరు తమ్ముడూ, మోసేవాళ్ళే ఉండారు" అన్నాను.

తేలికైందని మరీ పల్చటి రేకు తీసుకోవద్దు. అరచేత్తో నొక్కితే నూనె డబ్బా మాదిరి లోపలికి పోయేది, ఫ్యాను తిరిగినప్పుడల్లా గరగరమంటాది. అట్టపెట్టె మీద గ్రాస్, నెట్ అని రెండు బరువులు వేసుంటారు. నెట్ చూడండి. అది ఖాళీ పెట్టె బరువే, లోపలివన్నీ బిగించినాక ఇంకా పెరుగుతాది. పవర్ సప్లై మటుకు విడిగా మంచిది కొనండి, చవక పెట్టెతో ఊరికే వచ్చేదాన్ని నమ్మొద్దు.

ఈసారి మనవరాలు ఒక్కత్తే పెట్టెను పొట్టకానించుకొని మెట్లెక్కేసింది. నా చేతికి స్క్రూల పొట్లం ఇచ్చింది.