తడిసిన ఖాతా పుస్తకము

2025 ఆగస్టు 27, వినాయక చవితి నాడు మన కామారెడ్డి జిల్లాను కుండపోత వర్షము ముంచెత్తినది. రాజంపేట మండలము ఆర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసినది. కామారెడ్డి పట్టణమున కాలనీలు నీట మునిగినవి. రైలుకట్ట కోతకు గురియైనది. నిజాంసాగర్ దిగువన, మంజీరకు చేరువలో నివసించు బాన్సువాడ వాసులమైన మనకు ఇది పరాయి ముచ్చట కాదు.

విపత్తు వచ్చినపుడు కూలిన ఇండ్లను, మునిగిన పంటలను లెక్కింతురు. చిల్లర దుకాణదారుని నష్టము ఆ లెక్కలో సులభముగా ఇమడదు. తడిసిన బియ్యము, పప్పు కంటికి కనిపించును. తడిసిన ఖాతా పుస్తకమును ఎవరును చూడరు. అందులోని ఉద్దెర బాకీలే అతని పెట్టుబడి. అక్షరములు చెరిగినచో ఆ బాకీ మన అంతరాత్మలో మాత్రమే మిగులును.

ప్రభుత్వ బాధ్యతను తగ్గించి చెప్పుట నా ఉద్దేశము కాదు. 1908లో మూసీ వరద హైదరాబాదును ధ్వంసము చేసిన పిదప ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వెలసినవి. కాని వాని నిర్మాణమునకు ఏండ్లు పట్టినవి. దుకాణము తలుపు అన్నాళ్ళు మూసి ఉండజాలదు. తెరచుటకు డబ్బు లేనిచో వ్యాపారి అధిక వడ్డీకి అప్పు తేవలసి వచ్చును.

విద్యార్థి మిత్రులారా! విరాళముల డబ్బా పట్టి బయలుదేరుటకు ముందు మన ఇంటి బాకీ ఎంతయో అడిగి తెలిసికొందము. పుస్తకము పోయినను బాకీ పోలేదని చెప్పి చెల్లింతము. బాకీదారుడును వరద బాధితుడే కావచ్చును. అట్టివాడు కొంచెము కొంచెముగా తీర్చినను చాలును. శక్తి గలవారు ఖర్జె హసనాగా, వడ్డీ లేని అప్పుగా, చేయూతనిత్తురు గాక. అపుడు ఆ దుకాణదారుడు ఎవరి ముందును చేయి చాపక, మరల తన గల్లాపెట్టె వద్ద కూర్చుండును.