నెలజీతము, దినకూలి

కర్నూలు, కడప సీమలలో పెండ్లిమాటలు జరుగునపుడు వరునిగూర్చి అడుగు ప్రశ్న నేడు ఒక్కటే: జీతమెంత? పూర్వము ఎన్ని ఎకరములు, ఎన్ని బావులు అని అడిగెడివారు. ఇరువది ఎకరముల మెట్ట గల రైతుకంటె ఆఫీసులోని గుమాస్తాకే సంబంధములు ముందుగా కుదురుచున్నవి. దీనిని వట్టి వ్యామోహమని త్రోసివేయుటకు వీలులేదు. వానపై ఆధారపడిన మెట్ట ఏయేట ఏమి ఇచ్చునో ఎవరెరుగుదురు? గుమాస్తాకు ఒకటవ తేదీన ఏమి వచ్చునో వీధివారందరికిని తెలియును. ఆడపిల్లల తల్లిదండ్రులు గ్రహించిన యీ సంగతిని జీతముల తారతమ్యమును చర్చించు పెద్దలు తరచుగా మరచుచున్నారు. రూపాయలెన్ని యన్నది లెక్కలో సగము మాత్రమే. అవి సంవత్సరమున ఎన్ని దినములు చేతికి వచ్చునన్నది తక్కిన సగము.

ఈ తారతమ్యమును దేశమునకు కన్నులకు గట్టినట్లు చూపినవాడు గాంధీమహాత్ముడు. 1930 మార్చి 2వ తేదీన వైస్రాయి ఇర్విన్ ప్రభువునకు వ్రాసిన లేఖలో ఆయన లెక్కవేసి చూపెను. వైస్రాయి జీతము నెలకు 21,000 రూపాయలకు పైన, అనగా దినమునకు 700 రూపాయలకు పైన. భారతీయుని సగటు ఆదాయము దినమునకు రెండణాలలోపు. అంతరము ఐదువేల రెట్లకు మించినది. బ్రిటిషు ప్రధానమంత్రి జీతమో, తన దేశపు సగటు ఆదాయమునకు తొంబది రెట్లు మాత్రమే. మరుసటి యేట కరాచీ కాంగ్రెసు, ప్రభుత్వోద్యోగి జీతము సామాన్యముగా నెలకు 500 రూపాయలు మించరాదని తీర్మానించినది. 1937లో కాంగ్రెసు మంత్రులు ఆ 500 రూపాయలనే జీతముగా గైకొనిరి.

ఆనాటి ఆశయము పూర్తిగా వ్యర్థము కాలేదు. 1947లో మొదటి వేతనసంఘము అట్టడుగు ఉద్యోగికి నెలకు 55 రూపాయలు, పై ఉద్యోగికి 2,000 రూపాయలు సూచించెను. అంతరము సుమారు ముప్పదియారు రెట్లు. 2016లో అమలునకు వచ్చిన ఏడవ వేతనసంఘపు లెక్క ప్రకారము కనిష్ఠము 18,000, కేబినెట్ కార్యదర్శికి 2,50,000 రూపాయలు. అంతరము పదునాలుగు రెట్లకు దిగినది. ఇది మెచ్చదగిన మార్పే. కాని ఇది నిచ్చెన మీద నున్నవారి లెక్క. నేలమీద నిలిచినవాని మాటయేమి?

గ్రామీణ ఉపాధి పథకము క్రింద 2024-25లో ఆంధ్రప్రదేశమునకు నిర్ణయించిన కూలి దినమునకు 300 రూపాయలు. నెలకు తొమ్మిదివేలాయెను గదా, బంట్రోతు జీతములో సగమున్నది, ఇందులో అన్యాయమెక్కడ అని మన భూస్వాములలో కొందరు అడుగుచున్నారు. 2005 నాటి ఆ చట్టము హామీ యిచ్చినది కుటుంబమునకు సంవత్సరమున నూరు దినముల పని. నూరు దినములకు ముప్పదివేలు. నెలకు పంచినచో రెండువేల ఐదువందలు. అది ఒక మనుష్యునికి గాదు, ఇంటిల్లిపాదికిని. బంట్రోతు జీతము దీనికి ఏడు రెట్లు, కేబినెట్ కార్యదర్శి జీతము సరిగా నూరు రెట్లు. 2025 డిసెంబరులో ఆ చట్టమునకు బదులుగా పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టము పనిదినములను 125 చేసినది. సంవత్సరమున తక్కిన 240 దినముల ప్రశ్న మిగిలియే యున్నది.

పొలముకూలి వేరుగా లేదా యందురు. ఉన్నది, వాన కురిసిన యేట. కురియని యేట ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతముల పల్లెలు ఇండ్లకు తాళములు వైచి, బడికి పోవు బిడ్డలను సైతము వెంటబెట్టుకొని, గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోవుచున్నవి. రాయచోటి, రాజంపేట ప్రాంతములవారు కువైటు దారి పట్టుచున్నారు. అచటి సంపాదన వినుటకు పెద్దదే. భార్యాబిడ్డలను విడిచి గడపిన యేండ్ల ఖరీదును అందులోనుండి తీసివేయువారెవరు?

దినకూలిని ప్రభుత్వము నిర్ణయించుట ఈ సీమకు కొత్తగాదు. ధాతనామ సంవత్సరపు కరవున, 1877లో, సర్ రిచర్డు టెంపుల్ కరవుపనులలోని పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని శాసించెను. మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ ఆక్షేపించిన పిదప ఆ యేడే దానిని హెచ్చింపవలసి వచ్చెను. పనికి విలువ కట్టుటకు బదులు, ఎంత తక్కువకు ప్రాణము నిలుచునో చూచి కట్టిన కూలి యది. నేటి చట్టము కూలిని హక్కుగా నెంచినది. స్త్రీపురుషులకు ఒకే రేటు చేసినది. ఐనను పాత బుద్ధి పూర్తిగా పోలేదు. గడప గడపకు తిరుగు ఆశా కార్యకర్తకు 2019లో మన రాష్ట్రము నిర్ణయించిన పదివేల రూపాయలకు గౌరవవేతనమని పేరు. గౌరవమను మాట చేర్చినంతమాత్రమున వేతనము లోటు తీరునా?

భూవసతి గల పాఠకులకు ఒక మాట. కూలిరేట్లు పెరిగినవని విసుగుకొను రైతు తన కూలిని ఎన్నడైన లెక్క వేసికొనెనా? మద్దతు ధరలకై ప్రభుత్వము వేయు సాగుఖర్చులో కుటుంబ శ్రమ విలువ యున్నది. వేరుశనగ రైతు ఇంట వేసికొను లెక్కలో అది లేదు. విత్తనము, ఎరువు, కూలి పోగా మిగిలినది లాభమని మురియును. అది తనకును, తన ఇల్లాలికిని రావలసిన కూలిలో సగమైనను కాదని యెరుగడు. ఇట్లు చూడగా మెట్టరైతును, కూలివాడును ఒకే గట్టుమీద నున్నారు.

వీరికి నెలజీతపు నిలుకడ నిచ్చునది నీరొక్కటే. సుంకేసుల వద్ద తుంగభద్రను మళ్లించి కర్నూలునుండి కడపదాక త్రవ్విన కాలువను 1882లో ప్రభుత్వము కంపెనీనుండి కొనెను. ఆ కాలువక్రింది ఊరను, దాని ప్రక్కనున్న మెట్టయూరను కూలిరేటు ఒక్కటే కావచ్చును. పనిదినములు ఒక్కటి కావు. ఒక ఊరివాడు ఇంట నుండును, రెండవ ఊరివాడు సుగ్గికి పోవును.

2025 జనవరిలో కేంద్రప్రభుత్వము ఎనిమిదవ వేతనసంఘమునకు అనుమతి నిచ్చినది. ఉద్యోగుల జీతములు పెరుగుటకు మేము అసూయపడము. వారును మన బిడ్డలే. కాని పదియేండ్లకొకసారి నెలజీతగానికొరకు కూర్చుండు ప్రభుత్వము, దినకూలివాని సంవత్సరమును లెక్కించుటకు ఒక్కసారియైన కూర్చుండవలదా? రేటును పెంచుట ఒక ఎత్తు, పనిదినములను పెంచుట మరియొక ఎత్తు. మెట్టసీమలకు నీటిని, నీటివెంట పనిని తెచ్చునంతవరకు మూడువందల రూపాయల కూలియని చెప్పుకొనుట లెక్క కాదు, లెక్క తప్పించుకొనుట.